మా నాయిన తినని మామిడికాయ సేమ్యాలు

కోపం ఒంటికి మంచిది కాదని నాకు చెప్పనివాళ్లు లేరు. మాత్రలు రాసే డాక్టరూ చెప్పాడు, కోడలూ చెబుతుంది, ఆఖరికి పాలు పోసే పిల్ల కూడా చెబుతుంది. వినను. నా కోపం నాకు బాగానే ఉంది. కొట్లో పొట్లం కట్టిన సేమ్యా కనిపిస్తే చాలు, అది లేచి కూర్చుంటుంది. రెండు నిమిషాల్లో ఉడుకుతుందట! ఉడకదా మరి. మిషన్లో పడి వచ్చినదానికి ఎవరి వేలి తోలు ఊడిందని?

నైజాం సర్కారు పోయిన మరుసటి ఎండాకాలం అది. నాకు పదహారేళ్లు. సూర్యాపేటలో అత్తగారింట్లో ఉన్నాను, తొలుచూరు, ఏడో నెల. మామ పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో పెత్తనమంతా అత్తదే. మా ఆయన ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఎడ్లను అదిలించేటప్పుడు తప్ప ఆయన గొంతు పైకి లేవగా నేను వినలేదు.

మావి జొన్నలు తినే ఇళ్లు. గోధుమల మొహం ఏడాదికి ఒకసారి చూస్తే గొప్ప. ఆ ఏడు అత్త గోధుమలు కొనిపించింది. ఎందుకంటే కోదాడ అల్లుడు వస్తున్నాడు. కూతురి పెళ్లయిన తర్వాత అదే మొదటి ఎండాకాలం. అల్లుణ్ణి మామిడిపళ్లకు పిలిచి, రసంలో బెల్లం కలిపి, సేమ్యాల మీద పోసి పెట్టాలి. పెట్టకపోతే ఆ ఇంటి పరువు ఉండదు. కోడలి వేళ్లు ఏమైనా పరవాలేదు.

చేత్తో చేసే సేమ్యాల సంగతి ఇప్పటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. గోధుమలు తడిపి, నీడన ఆరబెట్టి, తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించాలి. ఆ మెత్తటి పిండిని ఉప్పునీళ్లతో కలిపి, సాగేదాకా రోకలితో దంచాలి. అప్పుడు చిన్న ముద్ద తీసుకుని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నులుముతూ పోతే సన్నగా జారుతుంది. దాన్ని తుంచి, గుడ్డ పరిచిన మంచం మీద ఆరబెట్టాలి. ఈ పనికి వాడకట్టు ఆడవాళ్లు బదులుకు వస్తారు. ఇవాళ వాళ్లు మన పిండి నులుముతారు, రేపు మనం వాళ్లింటికి పోతాం. పద్ధతి మంచిదే. కానీ వాళ్లు ఎండ ఎక్కేసరికి లేచిపోయేవాళ్లు, మిగిలిన పిండి ఎండిపోకుండా నేను ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. మూడు రోజులు నులిమాను. ఏడో నెల పొట్టతో మఠం వేసుకోవడం కుదరక కాళ్లు చాపితే, "కాళ్లు సాపుకొని లచ్చిందేవిని తంతున్నవా?" అని అత్త వంటింట్లోంచి అరిచేది.

అన్నీ ఎండాక కుండకెత్తి, మూతికి గుడ్డ కట్టి, ఉట్టి మీద పెట్టింది. "అల్లుడు తిన్నంక ఎవలైనా," అంది. ఎవలైనా అంటే ఆమె కొడుకు.

నాకేమో సేమ్యాలంటే అల్లుడూ బెల్లమూ కాదు. మా పుట్టిల్లు మిర్యాలగూడ అవతల పల్లె. గొర్ల కాపరుల ఇల్లు. కులం ఒకటే అయినా అత్తవాళ్లు గొర్లు వదిలి సేద్యంలోకి దిగినవాళ్లు. మేనమామ ఎవరైనా కాసిని సేమ్యాలు పంపిస్తే మా అమ్మ పచ్చిమామిడికాయ వేసి పుల్లగా తాలింపు పెట్టేది. కడుపుతో ఉన్నప్పుడు ఆ పులుపు మీదికి మనసు పోయింది. అత్తను అడిగాను. "సేమ్యాల్ల పులుపా? మీ దిక్కు గట్ల తింటరేమో, గొర్లోల్లు," అంది. సరే, నోరు మూసుకుని, మిర్యాలగూడకు ఉప్పుబండి తోలే మనిషితో మా నాయినకు కబురు పెట్టాను. పురిటికి పిలవడానికి వచ్చేటప్పుడు పుల్లటి కాయలు తెమ్మని.

పురిటికి పిలవడమంటే అప్పట్లో చిన్న సంగతి కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని అందరూ అంటారు. కానీ పిల్ల తండ్రి వచ్చి అడగాలి, అత్త తన నోటితో "తీస్కపో" అనాలి. ఆమె అనకపోతే పోలీసు పటేలు వచ్చి చెప్పినా అడుగు కదలదు. మా అత్త మంత్రసానిని పిలిపించే మనిషి కాదు. నలుగురిని గొడ్ల కొట్టంలో ఒక్కతే కన్నానని, ఏ తల్లీ పక్కన లేదని, జబ్బలు చరుచుకుని చెప్పుకునేది. రాత్రులు ఆ కొట్టం వైపు చూస్తే నాకు చలి పుట్టేది. అక్కడ కనలేను, చస్తాను అనుకునేదాన్ని. అమ్మ దగ్గరికి పోవాలి, అంతే. ఇంకేమీ అక్కర్లేదు.

కోదాడ అల్లుడు పొద్దున వచ్చాడు. ఒక్కడే, తెల్లటి లాల్చీ వేసుకుని. కోదాడవాళ్ల మాటలో అప్పటికే ఆంధ్ర వాసన ఉండేది, ఇతను ఇంకొంచెం అద్దుకున్నాడు. మధ్యాహ్నం, సరిగ్గా అతనికి వడ్డించే వేళకు, మా నాయిన వచ్చాడు.

రెండు రోజులు నడిచి వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పాదాలు పగిలి బూడిద రంగులో ఉన్నాయి. గొంగడి మూటలో పది పచ్చిమామిడికాయలు, కొత్త ఉల్లిగడ్డలు. దారిలో మిలిటరీవాళ్లు ఆపారట. ఆ రోజుల్లో గొంగడి వేసుకున్న ప్రతివాడూ సంఘపోడే, కమ్యూనిస్టే వాళ్లకు. మూట విప్పించి, కాయలు రోడ్డు మీద పారబోయించి, మళ్లీ ఏరుకోమన్నారట. "కోతిలెక్క వంగి ఏరుకున్న బిడ్డా. వాల్లు నవ్విన్రు, నేను గూడ నవ్విన," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అసలు ఆయన ఎందుకు నవ్వుతాడో నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

అత్తకు దండం పెట్టి, "మంచిగున్నవా అక్కా," అన్నాడు. వయసులో ఆమె ఆయనకంటే చిన్నది. అరుగు మీద కూర్చోమంది. మంచం లోపల ఉంది, మంచం మీద అల్లుడున్నాడు.

అత్త సేమ్యాలు ఉడికించి, గుడ్డ కట్టిన గిన్నెలోకి గంజి వార్చింది. సేమ్యాలు రెండు కంచాల్లో పెట్టి, మామిడిరసం పోసి, నెయ్యి వేసింది. ఒకటి అల్లుడికి, ఒకటి కొడుక్కి. వార్చిన గంజిని లోటాలో పోసి, ఉప్పురాయి వేసి నా చేతికిచ్చింది.

"మీ నాయినకియ్యి. ఎండల వడి వచ్చిండు, సల్లగయితది."

"గంజా?"

"గంజి గాకుంటే ఏంది? ఏం, తాగడా?"

అప్పటిదాకా ఆ ఇంట్లో వార్చిన గంజి ఏదైనా బర్రె కుడితిలోకి పోయేది. నా చేతులతో పోసిందాన్ని నేనే. ఆ లోటా పట్టుకుని అరుగు మీదికి ఎలా నడిచానో నాకు తెలియదు. నాయిన రెండు చేతులతో అందుకుని, గడగడా తాగి, మీసం తుడుచుకుని, లోపలికి వినబడేలా అన్నాడు.

"కమ్మగున్నదక్కా! సేమ్యాల గంజి ఇంత రుచి ఉంటదని నాకెరకనే లేదు."

లోపల కోదాడ అల్లుడు పకపకా నవ్వాడు. "పెద్దాయనకి గంజి బాగా పట్టినట్టుందే. ఇంకో లోటా పొయ్యండి అత్తయ్యా," అన్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. నేనూ అంతే. గంజి పోసినప్పుడు ఓర్చుకున్నాను గానీ, ఆ నవ్వు వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ఆయన తల కంచంలో పెట్టి, చేతికంటిన రసం నాకుతున్నాడు. అత్త నిజంగానే రెండో లోటా తెచ్చింది. మా నాయిన అదీ తాగాడు.

నేను వంటింట్లోకి పోయి ఉట్టి దించాను.

కుండ మూతి గుడ్డ విప్పి రెండు దోసిళ్ల సేమ్యాలు తీశాను. పొయ్యి మీద నీళ్లు ఎలాగూ మరుగుతున్నాయి. ఉప్పు వేసి, సేమ్యాలు వేసి, పలుకు పోగానే వార్చి, అంటుకోకుండా చన్నీళ్లు చిలకరించాను. మా అమ్మ ఎప్పుడూ అలాగే చేసేది. నాయిన తెచ్చిన కాయ ఒకటి చెక్కు తీసి సన్నగా తరిగి రోట్లో ఒక్క దంపు దంచాను. రోకలి మీద ఎంత కోపం చూపించానో, కాయ మెత్తటి ముద్దయింది. మూకుట్లో మంచినూనె పోసి, ఆవాలు, ఎండుమిరపకాయలు, పల్లీలు, కరివేపాకు వేసి, చిటికెడు పసుపు వేశాను. ఉల్లిగడ్డ మాత్రం ఎర్రగా వేగనివ్వకూడదు. ఎండాకాలం కొత్త ఉల్లిగడ్డ తియ్యగా కరకరలాడాలి, వేడి తగిలి తగలగానే దించెయ్యాలి. మామిడి ముద్ద పొయ్యి దించాకే కలపాలి, లేకపోతే పులుపు చచ్చిపోతుంది. ఇన్ని గుర్తుపెట్టుకుని చేశాను ఆ కోపంలో కూడా. పచ్చిమిరపకాయ చీరి పైన వేసి, మోదుగాకు విస్తట్లో కుప్పగా పోసి, తీసుకెళ్లి నాయిన ముందు పెట్టాను.

తాలింపు వాసన ఇల్లంతా పోయింది. అత్త పరుగున వచ్చింది.

"కుండ ముట్టుమని ఎవలు సెప్పిన్రే నీకు?"

"నులిమింది నేను. కాయలు తెచ్చింది మా నాయిన. ఇందుల నీది ఏమున్నదత్తా, ఉప్పా?"

"అబ్బో! గోదుమలు నీ అయ్య తెచ్చిండా? అల్లునికని దాసిపెట్టింది తెచ్చి గొర్లోనికి పెడ్తవా?"

గొర్లోనికి! వియ్యంకుణ్ణి ఎదురుగా పెట్టుకుని అన్న మాట అది. మా ఆయన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ మాట విన్నాడు, నాకు తెలుసు. అయినా నా వైపు తిరిగి, "జర నోరు మూసుకోరాదే," అన్నాడు. నాతో! ఇప్పటికీ చెబుతున్నాను, ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఆ ఒక్క మాటను నేను క్షమించలేదు.

అత్త గొంతు తగ్గించింది. ఆమె అరిచినప్పుడు కాదు, గొంతు తగ్గించినప్పుడే భయపడాలి. "తిననియ్యి మీ నాయినను. తినుడు అయినంక గొంగడి దులుపుకొని ఒక్కడే పోవాలె. నువ్వు గీడనే కంటవు. నేను కనలేదా? గా కొట్టమే సాలు."

నాయిన చెయ్యి అప్పటికే విస్తట్లో ఉంది. ముద్ద కలిపాడు కూడా. ఎత్తబోయినవాడు ఆగాడు. ముద్దను మెల్లగా విస్తట్లో పెట్టేసి, వేళ్లు గొంగడికి తుడుచుకున్నాడు.

"నాకు కడుపు నిండింది బిడ్డా. రెండు లోటాలు తాగిన గద. నువ్వు తిను."

"నాయినా, తినుమంటున్న."

"ఆకలి లేదు బిడ్డా." అని లేచి నిలబడి, మా అత్తకు రెండు చేతులూ జోడించాడు. "అక్కా, పిల్ల తెల్వనిది. తప్పు దానిది గాదు, పెంచినోనిది. కోపం నా మీద పెట్టుకో, పిల్ల మీద పెట్టుకోకు."

ఆకలి లేదట! రెండు రోజులు నడిచి, రెండు లోటాల గంజి తాగినవాడికి ఆకలి లేదట! నాకు అత్త మీద ఉన్న కోపం మొత్తం తిరిగి ఆయన మీద పడింది. ఇంత వంగుతాడా మనిషి? వెన్నెముక లేదా? విస్తరి నేనే తీసుకున్నాను. వాళ్లందరి ముందు, అరుగు మీద నిలబడి, మొత్తం తిన్నాను. కడుపుతో ఉన్నదాని నోటి దగ్గరిది లాక్కుంటే పుట్టే బిడ్డకు చెవుల్లో చీము కారుతుందని అత్తకు నమ్మకం. అందుకని నన్ను ఆపలేదు. పళ్లు కొరుకుతూ చూస్తూ నిలబడింది. చెప్పకేం, సేమ్యాలు బాగానే కుదిరాయి. ఒక్క పలుకు కూడా మిగల్చలేదు.

సాయంత్రం దాకా నాయిన అరుగు మీదే కూర్చున్నాడు. అత్త బిందె తెమ్మంటే తెచ్చాడు, దూడను కట్టేయమంటే కట్టేశాడు. పొద్దు వాలుతుండగా ఆమె అంది, "తీస్కపో. దీని నోరు పదిదినాలు గూడ నేను పడలేను. బిడ్డకు ఐదో నెల పడంగనే తోల్కరా."

నాయిన మళ్లీ దండం పెట్టాడు. నేను పెట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఉప్పుబండి మిర్యాలగూడకు ఖాళీగా తిరిగిపోతుంటే అందులో ఎక్కాం. నేను నాయినతో మాట్లాడలేదు. ఆయన ఏవో ఊరి కబుర్లు చెబుతూనే ఉన్నాడు, ఏ గొర్రె ఈనిందో, ఎవరి బావి ఎండిందో. మూసీ దగ్గరికి వచ్చాక బండి ఇసుకలో కూరుకుపోతుందని మమ్మల్ని దిగమన్నారు. వేసవిలో మూసీ అంటే అంతా ఇసుకే, మధ్యలో పాదాలు తడిసేన్ని నీళ్లు. బండి ముందు పోయింది. మేమిద్దరం వెనక నడుస్తున్నాం. ఆయన నా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాను.

"సిగ్గనిపియ్యలేదా నాయినా నీకు? కుడితి నీళ్లు తాగి కమ్మగున్నదంటవా? గామె గొర్లోడు అంటే దండం పెడ్తవా? పౌరుషమనేది ఉన్నదా?"

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వితే అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చేదాన్ని. నవ్వలేదు.

"పౌరుషం మీ తాతకుండె," అన్నాడు. "మీ అమ్మ నాయినకు. గిట్లనే ఏడో నెలల మీ అమ్మను తోల్కపోనీకి మా ఇంటికొచ్చిండు. మా అమ్మ మాడిన జొన్న గటక పెట్టింది, కావాల్ననే. ఆయన గిన్నె ఇసిరికొట్టిండు. మీ ఇంట్ల కుక్క గూడ తినది అన్నడు. మాట మీద మాట పెరిగింది. మా అమ్మ పిల్లను పంపనన్నది. ఆయన రోషంతోటి లేసిపోయిండు, మల్ల రాలె."

"అయితే?"

"అయితే ఏముంది బిడ్డా. మీ అమ్మ మా ఇంట్లనే కన్నది. ఒక్కతే. నీకంటె ముందల ఆడపిల్ల. మూడు దినాలున్నది."

నాకంటే ముందు ఒక పిల్ల ఉందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఇసుక కాలుతోంది. నాకు ఆ పిల్ల గురించి కంటే ముందు ఇంకో ప్రశ్న వచ్చింది. నా నోరు అలాంటిది, ఆగదు.

"మరి నువ్వెక్కడున్నవు? మీ అమ్మ పంపనన్నప్పుడు?"

"గాడనే ఉన్న," అన్నాడు నాయిన. "గడపల నిలవడి సూసిన. పంపు అమ్మా అని ఒక్క మాట అనలె."

నేను ఆగిపోయాను. పొద్దున్నుంచీ, కాదు, నిన్నటి నుంచీ ఆయన మీద ఉన్న కోపం వేరు, అప్పుడు పుట్టింది వేరు. గడపలో నిలబడ్డ మా ఆయన మొహం, ఈయన మొహం రెండూ ఒకటే అయి కనిపించాయి. కొట్టాలనిపించింది. నా కోసం గంజి తాగిన మనిషినే కొట్టాలనిపించింది.

"అమ్మ నిన్నెట్ల సైసింది నాయినా?"

"సైసలేదు బిడ్డా," అన్నాడు. "నాతోటి మాట్లాడంగ నువ్వెప్పుడన్న సూసినవా?"

చూడలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా మా అమ్మ "మీ నాయినను రమ్మను" అని నాతోనే చెప్పేది. పెళ్లయి వచ్చేదాకా ఆ కబుర్లు నేనే మోశాను. మా పల్లెలో ఆడవాళ్లందరూ మొగుళ్లతో అంతేననుకున్నాను.